బుధవారం టీలో సగం

ఆగస్టు 11, సోమవారం

ఈ డైరీ జనవరిలో ఎరువుల అంగడాయన ఇచ్చినాడు. ఏడు నెలలు దూది మూటల కింద పడుండె. ఈ పొద్దు దులిపి పట్టుకున్న్యా. డైరీ రాసేంత మొనగాణ్ణేం కాదు నేను. టెన్త్ అయినాక నేను రాసిందంతా పరుపుల పొడుగూ వెడల్పే. అయినా ఎవరితోనన్నా మాట్లాడాల గదా. నాతో మాట్లాడే మనిషి నంద్యాల ఆస్పత్రిలో మాట పడిపోయి పండుకోనుండాడు.

గురువారం పొద్దున కృపావరమన్న ఆళ్ళగడ్డలో పండ్లు తోముకుంటా తోముకుంటా పడిపోయినాడంట. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ పోయినాయి. డాక్టరు బీపీ అన్న్యాడు. రెండు నెల్లుగా మాత్రలు సరిగ్గా మింగల్యాదని ఆయన భార్య రూతు వదినె చెప్పింది. అదీ కారణం. మాత్రలు మింగకపోతే ఎవరికైనా వస్తాది.

మా ఇంటామె అమీనా రోజుకు మూడు మేళ్లు రాయమంటాది, దేవునికి షుక్ర్ చెప్పుకునేవి. మొహం ముడుచుకోని దూది ఏకితే పరుపు గట్టిపడతాదంట. నలభై ఏండ్ల నుంచి పరుపులు కుట్టేది నేను, కనిపెట్టేది ఆమె. సరే, రాస్తాండా. మనిషి బతికినాడు. ఎడమచెయ్యి ఆడతాంది. నన్ను చూసి గుర్తుపట్టినాడు.

ఆగస్టు 12

ఆయన మాత్రలు మింగల్యా. అంతే.

ఆగస్టు 13, బుధవారం

ఇరవై రెండేండ్లలో మేం కొట్లాడుకోని బుధవారం ఇదే మొదటిది. కరోనాలో గూడా ఫోన్లో కొట్లాడినాం.

శుక్రవారం నాది, ఆదివారం ఆయనది, అందుకని ఎవరిదీ కాని బుధవారం పెట్టుకున్న్యాం. ఒక వారం నేను శిరివెళ్ల మీదుగా బస్సెక్కి ఆళ్ళగడ్డకు పోవాల, ఒక వారం ఆయన నంద్యాలకు రావాల. రెండు టీలు, దేవుడు. అంతే మా పని. ఆయన రిటైరైన సోషలు సారు. నేను దూదేకులోణ్ణి. మా ఇంట్లో ఉర్దూ లేదు, తెలుగే. అరబ్బీ నమాజుకు సరిపడా వచ్చు. దేవుని గురించి మా పాతకాలం పెద్దలు ఏమేం అనుకున్న్యారో, ఏం తిట్టుకున్న్యారో నాకు తెలిసిందాంట్లో సగం ఈ క్రైస్తవుడు చెప్పిందే. సిగ్గుపడాల్నో షుక్ర్ చెప్పాల్నో తెల్దు. షుక్రే చెప్తా.

మాకొక రూలుండె. రూలు ఆయనదే, బడిపంతులు గదా. ఎదుటోని మాట కొట్టేసే ముందు ఆ మాటను వాని పక్కనుంచి చెప్పాల. వాడు 'ఆ, నేననేది అదే' అని ఒప్పుకోవాల. ఒప్పుకున్నదానికి గుర్తుగా తన గ్లాసులో టీ సగం ఎదుటోని గ్లాసులో పొయ్యాల. అప్పుడే నీ జవాబు నువ్వు చెప్పుకోవచ్చు. సరిగ్గా చెప్పలేదనుకో, గ్లాసు మీద అరచెయ్యి మూస్తాడు. మళ్లీ చెప్పు. ఒక్కోసారి టీ సల్లారి మీగడ కట్టేదాకా ఆ చెయ్యి తీసేటోడు కాదు. ఆయన ఎంగిలి టీ నేను తాగినా, నా ఎంగిలి ఆయన తాగినాడు. వాళ్ల చర్చిలో ఇద్దరు ముగ్గురు, మా మసీదులో ఒకరిద్దరు దీనికి మొహం మాడ్చుకున్న్యారు. మాడ్చుకోనీ.

ఈ పొద్దు ఆస్పత్రికి పోయినా. ఒక మాట మిగిలిందంట. ఒకటే. 'కాదు.' నీళ్లు కావాల్నా అంటే కాదు. నొప్పిగా ఉందా అంటే కాదు. మీ పేరేంది సార్ అని నర్సు అడిగితే కాదు. రూతు వదినె నవ్వతా ఏడుస్తాంది. బతుకంతా అదే అన్న్యాడు, అదే మిగిలింది అనింది.

నన్ను చూసి గూడా అదే అన్న్యాడు.

పక్కకు పిలిచి వదినె అడిగింది, పోయిన బుధవారం మీ అంగట్లో ఏం మాట్లాడుకున్న్యారు నూరప్పా, ఇంటికొచ్చి కూడు తినల్యా అని. ఎప్పటి మాదిరే వదినా, బాగానే మాట్లాడుకున్న్యాం అన్న్యా.

ఆగస్టు 14

ఎప్పటి మాదిరి కాదు.

రాస్తా. ఎవరు చదవొస్తారు.

ఆ పొద్దు పొద్దున్నుంచే నాకు చిరాకుగా ఉండె. కుట్టిచ్చిన పరుపొకటి వెనక్కొచ్చింది. ఆయన టీ పట్టుకోని వాళ్ల పెద్దల సభ గురించి చెప్తాండాడు. యేసు పుట్టి మూడు నూర్ల ఏండ్లు దాటినాక రోము రాజు బిషప్పులందర్నీ ఒక ఊరికి పిలిపించినాడంట. దేవుని కొడుకు దేవునితో పాటు ఎప్పుడూ ఉండాడా, లేకుంటే దేవుడు ఒకప్పుడు ఆయన్ని సృష్టించినాడా, ఇదీ తగువు. ఎప్పుడూ ఉండాడని సభ తేల్చింది.

నేనేం చేసినా? రూలు లేదు గీలు లేదు. ఆయన పక్కనుంచి ఒక్క ముక్క చెప్పకుండా నోరు పారేసుకున్న్యా. 'ఇంకేముందన్నా, మున్సిపాలిటీ తీర్మానం మాదిరి చేతులెత్తి మీ దేవుణ్ణి పాస్ చేసినారన్నమాట' అన్న్యా. పక్క అంగళ్లోళ్లు నవ్వినారు. వాళ్లు నవ్వతాండారని ఇంకోసారి అన్న్యా. ఆ రెండోసారి అనకుంటే బాగుండు.

ఆయన మొహం కందిపోయింది. 'కాదు' అన్న్యాడు. అంతే. టీ అట్లే పెట్టి లేచి బస్టాండు దిక్కు నడిచినాడు. నేను వెనకాల పోల్యా. తెల్లారి పడిపోయినాడు.

ఆయన నోట్లో మిగిలిన మాట నాకు చెప్పిన జవాబు. నా మాటకు చెప్పిన జవాబే ఆయన నాలికకు అతుక్కోని పోయింది.

మాత్రల సంగతి డాక్టరే చెప్పినాడు గదా. వదినె గూడా చెప్పింది.

షుక్ర్ ఈ పొద్దు రాయను.

ఆగస్టు 23, శనివారం

ఇంటికి తీసకపోయినారు. ఆళ్ళగడ్డ దాకా అంబులెన్సులో నేనూ కూచున్న్యా, శిరివెళ్ల కాడ గుంతల్లో ఎగిరినప్పుడల్లా ఆయన తల పట్టుకున్న్యా.

నాలుగు రోజులు మేలుకోని బూరుగు దూదితో పరుపు కుట్టుకోని పోతే, వీపుకు పుండ్లు పడకుండా గాలిపరుపే కావాలన్నారంట. నా నలభై ఏండ్ల పనితనం గాలికి ఓడిపోయింది. నా పరుపు రూతు వదినెకు పరిచినారు. పదిహేను రోజుల తర్వాత ఆమె ఈ మధ్యాన్నం కండ్ల నిండా నిద్రపోయింది. దానికొక షుక్ర్. గాలిపరుపు కనిపెట్టినోనికి గూడా ఒకటి, ఇష్టం లేకున్నా.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి రద్దీ. బస్సు దొరకల్యా.

నిజం రాయాలంటే దొరికింది. ఎక్కల్యా.

సెప్టెంబరు 3, బుధవారం

మాట నేర్పే టీచరమ్మ వారానికొకసారి నంద్యాల నుంచి వస్తాంది. గీతాంజలి పేరు. మా చిన్నకూతురి వయసు, మాటలో మాత్రం హెడ్మాస్టరు. నేను గట్టిగా అరిచి మాట్లాడతాంటే, ఆయనకు చెవుడు రాలేదు తాతా అనింది. గొంతు తగ్గించినా.

ఆమె చెప్పిందేందంటే, ఆయనకు మనం అనేది అర్థమవుతాంది. చెప్పాలనుకున్న మాట లోపల తయారుగానే ఉంది. బయటికొచ్చే దారి తెగింది. అందుకని ఏం చెప్పబోయినా ఆ ఒక్కటే బయటపడతాంది. నోటిని నమ్మొద్దు, చేతిని చూడండి, కండ్లను చూడండి, అడిగినాక తొందరపడకుండా కాసుకోండి అనింది. నలభై లెక్కబెట్టేదాకా కాసుకోవాలంట. నేను పుట్టినప్పట్నుంచి ఎవరి జవాబుకూ నలభై దాకా కాసుకోల్యా.

ఆమె పోయినాక నా పని మొదలుపెట్టినా. రూలు తప్పింది నేను, సరిచెయ్యాల్సింది గూడా నేనే. సభ సంగతి ఆయన పక్కనుంచి చెప్తా. ఒప్పుకుంటే టీ పోస్తాడు. టీ పోస్తే అప్పుడు అసలు సంగతి అడుగుతా. నా నోటి వల్లే నీకిట్లయిందా అన్నా అని. ఊరికే అడిగితే కాదంటాడు. కాదంటే ఏం తెలుస్తాది? నీళ్లకూ కాదే, నర్సుకూ కాదే.

రెండు గ్లాసులు పెట్టుకోని చెప్పినా. రాజు పిలిపించినాడు, బిషప్పులొచ్చినారు, ఎక్కువమంది ఒక పక్క నిలబడినారు అని ఇంకా చెప్తాండా, ఎడమచెయ్యి తెచ్చి గ్లాసు మీద మూసినాడు. 'కాదు.' నలభై లెక్కబెట్టినా. చెయ్యి తియ్యల్యా. వదినె సల్లారిన గ్లాసులు ఎత్తకపోయింది.

బస్సులో కూచున్నాక తట్టింది. చెయ్యి ఎప్పటి మాదిరే మూసినాడు. రూలు మర్చిపోల్యా. నడిరోడ్డులో బస్సులోనే అల్హందులిల్లా అన్న్యా, పక్కన బొరుగుల సంచి పట్టుకోనున్న ఆయమ్మ జరిగి కూచునింది.

సెప్టెంబరు 4

నిన్న వచ్చేటప్పుడు వదినె ఆయన పెద్ద నోటుపుస్తకం ఇచ్చింది. నీకే ఉపయోగం అనింది. ఈ పొద్దంతా అంగట్లో అదే చదువుతాండా.

ఎడమపేజీలో వాళ్లది, కుడిపేజీలో మాది. తొమ్మిదేండ్ల నుంచి రాస్తాండాడు. వాళ్ల పట్నంలో ఒక కాలంలో రొట్టె కొననీకి పోతే అంగడోడు ధర చెప్పకుండా కొడుకు గొప్పా తండ్రి గొప్పా అని తగువుకొచ్చేవాడంట. నాకు మా బుధవారం టీ గుర్తొచ్చి నవ్వొచ్చింది. దానికెదురుగా కుడిపేజీలో, మా గ్రంథంలో దేవుని చెయ్యి అని రాసుంటే అది నిజంగా చెయ్యేనా అని మా పెద్దలు కొట్లాడిన సంగతి. చెయ్యి అని రాసుంటే చెయ్యే, ఎట్లా అని మాత్రం అడగొద్దు అన్నారంట కొందరు. ఆ మాట కింద రెండు గీతలు కొట్టి, 'ఇది నాకు శానా నచ్చింది' అని రాసుకున్న్యాడు. ఏనాడూ నా మొహం మీద చెప్పల్యా, చూడు.

ఆఖర్న రాసిన ఎడమపేజీలో ఇట్లుంది. సభకు శానా ముందే వాళ్ల పెద్దల్లో ఒకరిద్దరు చెప్పినారంట, దేవుని వాక్కు, అంటే ఆ కొడుకు, ముందు దేవుని లోపల ఉండె, మనసులో తలపు ఉన్నట్లు, తర్వాత నోటిమాట మాదిరి బయటికొచ్చింది అని. వెనకొచ్చినోళ్లు దీన్ని దూది ఏకినట్లు ఏకినారు. లోపలున్నప్పుడు వట్టి తలపైతే ఎట్ల, అప్పుడు గూడా ఆయన ఆయనే అన్నారు. ఇంత రాసి, మీ వాళ్లలో ఈ లోపలి మాట, బయటి మాట ఉందా అని ప్రశ్న వేసినాడు. కుడిపేజీ ఖాళీ. పైన ఒక్క ముక్కే ఉంది. 'నూరప్పను అడగాల.'

ఇరవై రెండేండ్లు నాకు చెప్పిన మనిషి నన్ను అడగాలని రాసుకున్న్యాడు. పుస్తకం మూసినా. ఒకామె వచ్చి రెండు దిండ్లడిగితే ఒకటిచ్చి పంపినా.

సెప్టెంబరు 12, శుక్రవారం

జుమా నమాజు అయినాక మౌలానా సాబు కాడికి పోయినా. ఎవరి కోసరం అడుగుతాండావ్ అన్న్యాడు. క్రైస్తవుడు, నా దోస్తు, మాట పడిపోయింది, ఒక పేజీ ఖాళీగా ఉంది అన్న్యా. గడ్డం దువ్వుకుంటా నా మొహం చూసినాడు. ఇంటికి పంపుతాడనుకున్న్యా. చాప చూపించి కూచోమన్న్యాడు. గంటసేపు చెప్పినాడు. ఆయనకు అల్లా మేలు చెయ్యాల.

మా ప్రవక్త పోయిన రెండు నూర్ల ఏండ్లకు బాగ్దాదులో ఖలీఫా పండితులందర్నీ నిలబెట్టి అడిగించినాడంట. మన గ్రంథం, అంటే అల్లా వాక్కు, అల్లాతో పాటు ఎప్పుడూ ఉండేదా, లేకుంటే అల్లా ఒకప్పుడు సృష్టించినాడా? సృష్టించినాడని చెప్పినోడు ఇంటికి పోయినాడు. చెప్పనోడు జైలుకు పోయినాడు. ఒకాయప్ప కొరడాదెబ్బలు తిన్న్యాడు గానీ మాట మార్చల్యా.

రాజు, పండితులు, అదే ప్రశ్న. వాళ్ల సభలో చేతులెత్తినారని నవ్వినా గదా, మా వాళ్లు కొరడా ఎత్తినారు. మున్సిపాలిటీ అన్న నోరు ఇది.

తర్వాత వచ్చిన పెద్దల్లో కొందరు ఇట్ల తేల్చినారంట. దేవుని మాట ఆయన లోపల ఎప్పుడూ ఉంది. శబ్దం, అక్షరం, సిరా, కాయితం, చదివే మన గొంతు, ఇవన్నీ తర్వాతవి. బయట శబ్దం లేనంత మాత్రాన లోపల మాట లేనట్లు కాదు. అందరూ ఒప్పుకోలేదు, తగువు ఇంకా తెగలేదు అని గూడా చెప్పినాడు.

ఇది గీతాంజలి టీచరమ్మ చెప్పిందే గదా అన్న్యా. ఆమె ఏ మదరసాలో చదివింది అన్న్యాడు మౌలానా సాబు.

లేచేటప్పుడు ఒకటి చెప్పినాడు. ఆయనది ఆయనదే, మనది మనదే, రెండూ కలిపి పులుసు చెయ్యొద్దు అని. చెయ్యనన్న్యా. కృపావరమన్న గూడా ఆ పులుసు ముట్టడు.

ఇంటికొచ్చి కుడిపేజీ నిండా రాసినా. నా చేతిరాత ఆయన రాత పక్కన కోడి గెలికినట్లుంది.

సెప్టెంబరు 17, బుధవారం

కుడిపేజీ చదివి వినిపించినా. కండ్లు మూసుకోని విన్న్యాడు. 'కాదు' అన్న్యాడు, మెల్లగా. ఇంకోసారి అన్న్యాడు, ఇంకో మాదిరి. ఒకటే మాట ఇన్ని రకాలుగా అనొచ్చని నాకు తెల్దు. ఎడమచేత్తో ఆ పేజీని తడిమినాడు. గెలికిన అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్క వరుసే జరిపినాడు.

టీ మాత్రం పొయ్యల్యా. గ్లాసు మీద చెయ్యి మూసే ఉంది. ఎట్ల పోస్తాడు? నేను చెప్పింది నా పక్క. రూలు ఆయన పక్కనుంచి చెప్పమని. పడిపోయినా పంతులు పంతులే.

సెప్టెంబరు 24

ముసురు. దూది తేమెక్కింది, పని లేదు. పోల్యా. వానకే పోల్యా, ఈసారి నిజంగానే.

అక్టోబరు 1, బుధవారం

రూతు వదినెకు చెప్పేసినా. వంటింటి గడప మీద కూచోని, ఆ పొద్దు నేనేమన్న్యానో, రెండుసార్లు ఎట్లన్న్యానో, ఎవరెవరు నవ్వినారో అన్నీ చెప్పినా. బాగానే మాట్లాడుకున్న్యామని నీకు అబద్ధం చెప్పినా వదినా అన్న్యా. తిడుతుందనుకున్న్యా. తిడితే బాగుండు గూడా అనుకున్న్యా.

ఆమె బియ్యంలో రాళ్లేరుకుంటానే ఉంది. తర్వాత అనింది, ఆ మాపటేల కూడు తినకుండా పుస్తకం ముందేసుకోని కూచున్న్యాడు నూరప్పా, నీ దగ్గరుండే ఆ పేజీ రాసింది అప్పుడే అని.

గబగబా సంచిలోంచి తీసి చూసినా. ఎడమపేజీ మూలకు తేదీ ఉంది. ఆగస్టు 6. నెల నుంచి చదువుతాండా, ఆ మూల చూడల్యా. చూడకూడదనే చూడలేదేమో. నా చేత అన్ని మాటలు పడి, బస్సు దిగి, ఇంటికొచ్చి, నూరప్పను అడగాల అని రాసినాడు.

అయితే కోపం లేదంటావా వదినా అన్న్యా. నన్నెందుకడుగుతావ్, ఆయన లోపల ఉండాడు గదా, పోయి ఆయన్నే అడుగు అనింది. పోయి పక్కన కూచున్న్యా గానీ అడగల్యా. అడగాలని రాసుకున్నది వేరే, మనసులో కోపం పెట్టుకోకపోయేది వేరే. టీ పడకముందు అడిగితే ఆ కాదు ఏ కాదో నాకు తెల్దు.

ఇంటికొచ్చి అమీనాకు గూడా చెప్పినా. ఇన్నాళ్లు కడుపులో పెట్టుకోని దూది ఏకుతాండావా, అందుకే పరుపులు వెనక్కొస్తాండాయి అనింది. షుక్ర్ రాయాలంటే ఈ పొద్దు ఈ ఇద్దరాడోళ్ల పేర్లు రాయాల.

అక్టోబరు 8, బుధవారం

పొద్దున బస్సులో శిరివెళ్ల దాటేదాకా లోపల లోపలే చెప్పుకుంటా పోయినా. ఎదుటోని మాట కొట్టేసేదానికి నేర్చుకున్నోణ్ణి, నిలబెట్టేదానికి ఇంత కష్టమని తెల్దు.

కృపావరమన్నను దిండ్లకు ఆనించి కూచోబెట్టినారు. గడ్డం గీయించి ఉండాది. వదినె రెండు గ్లాసులు పెట్టి పోయింది. నేను చెప్పినా.

'అన్నా, నీ పక్కనుంచి చెప్తాండా. సభ పెట్టి దేవుణ్ణి చెయ్యలేదు. సభకు ముందే మూడు నూర్ల ఏండ్ల నుంచి మీవాళ్లు యేసుకు పాటలు పాడినారు, ఆయన పేరున నీళ్లలో మునిగినారు, ఆయన్ని వదలమంటే ప్రాణాలిచ్చినారు. నమ్మింది లోపల ఉన్నింది, ఏమని చెప్పాల్నో తెలీక తన్నుకున్న్యారు. రాజుకు రాజు లెక్కలుండె, అది గూడా నిజమే. అయినా సభ చేసింది లోపలున్నదానికి మాట వెతకడమే. మాట వెనక వచ్చింది, ఉన్నది ముందే ఉంది. నేనిది ఒప్పుకోను. మా దేవునికి కొడుకు లేడు. కానీ నువ్వనేది ఇదే.'

లెక్కబెట్టినా. పది. ఇరవై. ఆయన కండ్లు నా మొహం మీదే ఉండాయి. ముప్పై దాటినాక చెయ్యి లేచింది. గ్లాసు మీద మూయల్యా. గ్లాసు పట్టుకున్న్యాడు. వణకతా వణకతా తెచ్చి నా గ్లాసులో వొంచినాడు. కొంచెం నా పంచె మీద, కొంచెం దుప్పటి మీద, మిగిలింది గ్లాసులో. సరిగ్గా సగానికి ఆపినాడు. అంత వణుకులో గూడా సగం సగమే.

ఇప్పుడు రూలు ప్రకారం నా జవాబు నేను చెప్పుకోవచ్చు. రెండు నెల్ల నుంచి దాచుకున్న జవాబులు శానా ఉండె. అవన్నీ పక్కన పెట్టినా.

'అన్నా, ఆ పొద్దు నేను నోరు పారేసుకోబట్టే నీకిట్లయింది' అన్న్యా.

'కాదు' అన్న్యాడు.

నోటిని నమ్మొద్దన్నారు. కాసుకున్న్యా. లెక్క మర్చిపోయినా, పదకొండో పన్నెండో. ఆయన తన గ్లాసు మళ్లీ ఎత్తినాడు. తాగుతాడేమో అనుకున్న్యా. తాగల్యా. మిగిలిన సగం గూడా తెచ్చి నా గ్లాసులో పోసినాడు. గ్లాసు బోర్లించి చివరి చుక్క దాకా. నిండి పొర్లింది.

ఇది రూల్లో లేదు. ఇరవై రెండేండ్లలో సగం దాటి ఒక్క చుక్క ఎక్కువ పొయ్యలేదు, పిసినారి పంతులు. ఇప్పుడు ఖాళీ గ్లాసు పట్టుకోని నన్నే చూస్తాండాడు. ఎట్లా అని నేను అడగల్యా. రెండు చేతుల్తో పట్టుకోని తాగినా. కండ్లనీళ్లు దాంట్లోనే పడినాయి.

వదినె వచ్చి దుప్పటి చూసి ఇద్దర్నీ తిట్టి, ఇంకొక టీ పెట్టకొచ్చింది. అది ఆయన ఒక్కడే తాగినాడు, నాకు చుక్క పొయ్యల్యా.

అమీనా మూడు రాయమంటాది. ఈ పొద్దు ఒకటే. కాదు అన్న్యాడు.